రోము గోడయు, బాహుబలి పిడికిలియు

ప్రతి రాజ్యమునకును ఒక పుట్టుక కథ ఉండును. ఆ కథ జరిగినదా, కల్పితమా అనునది పండితులు తేల్చవలసిన విషయము. కాని ఒక జాతి తన బిడ్డలకు ఏ కథ చెప్పి పెంచినదో తెలిసికొన్నచో, ఆ జాతి దేనిని ఘనతగా ఎంచినదో, దేనికి లోలోపల భయపడినదో తెలియును. అన్నదమ్ములు ఒక గీత దగ్గర నిలిచి తగవు పడిన కథలు రెండు లోకములో ప్రసిద్ధముగా నున్నవి. ఒకటి పడమటిదైన రోము నగరపు కథ. రెండవది ప్రతి జైన గృహములోను పిల్లలు ఎరిగిన భరత బాహుబలుల కథ. ఈ రెంటిని పక్కపక్కన పెట్టి చూచిన, పంపకముల కాలములో ప్రతి వర్తక కుటుంబమునకును ఎదురగు ఒక ప్రశ్నకు సమాధానము దొరకవచ్చును. ఆ ప్రశ్న ఇది: తన హక్కు తనకు ఉన్నప్పుడు, దానిని సాధించుకొను బలము కూడ ఉన్నప్పుడు, మనుష్యుడు ఎక్కడ ఆగవలెను?

రోము కథ ఇట్లున్నది. ఆల్బా లోంగా అను పట్టణమునకు న్యూమిటర్ రాజు. అతని తమ్ముడు ఆమూలియస్ అన్నను గద్దె దింపి తానే రాజయ్యెను. అన్నకు మనుమలు పుట్టి పగ తీర్చుకొందురేమో యని భయపడి, అన్న కుమార్తె రియా సిల్వియాను పెండ్లి లేకుండ దేవతా సేవలో ఉంచెను. అయినను ఆమెకు కవల పిల్లలు కలిగిరి. యుద్ధదేవతయైన మార్స్ వారి తండ్రి యని ఆమె చెప్పెను. ఆమూలియస్ ఆ శిశువులను టైబరు నది వరదలో విడిపించెను. వరద తీసి పిల్లలు ఒడ్డున పడిరి. ఒక ఆడు తోడేలు వచ్చి వారికి పాలిచ్చెను. ఫాస్ట్యులస్ అను పసులకాపరి వారిని చూచి ఇంటికి తీసికొనిపోయి పెంచెను. వారే రోమ్యులస్, రీమస్. పెద్దవారై, ఆమూలియస్‌ను చంపి, తాతకు రాజ్యము తిరిగి ఇప్పించిరి.

అంతటితో కథ ముగిసినచో బాగుండెడిది. కాని వారిద్దరును తాము పెరిగిన చోటనే ఒక కొత్త పట్టణము కట్టదలచిరి. కవలలు గనుక పెద్దవాడెవరో, చిన్నవాడెవరో తేలలేదు. పట్టణమునకు ఎవరి పేరు పెట్టవలెను? ఎవరు ఏలవలెను? పక్షి శకునమును చూచి తేల్చుకొందమనుకొనిరి. అవెంటైన్ కొండమీద నిలిచిన రీమస్‌కు ముందుగా ఆరు రాబందులు కనబడినవి. పాలటైన్ కొండమీద నిలిచిన రోమ్యులస్‌కు తరువాత పన్నెండు కనబడినవి. ముందు చూచినవాడు నేనని ఒకడు, ఎక్కువ చూచినవాడు నేనని ఒకడు. శకునము తగవు తీర్చుటకు బదులు తగవును పెంచినది. రోమ్యులస్ నాగలికి ఎద్దును, ఆవును కట్టి నగరపు హద్దును దున్ని, గోడ మొదలు పెట్టెను. రీమస్ ఎగతాళి చేయుచు ఆ పొట్టి గోడను దూకెను. రోమ్యులస్ తమ్ముని చంపెను. తన గోడ దాటు ప్రతివానికిని ఇదే గతి యని చాటెను. రోమనులు లెక్కించుకొన్న ప్రకారము ఇది క్రీస్తు పూర్వము 753లో, ఏప్రిల్ 21వ తేదీన జరిగినది.

ఈ కథను విస్తరించి వ్రాసిన లివీ అను చరిత్రకారుడు క్రీస్తు పూర్వము ఒకటవ శతాబ్దమువాడు. అనగా జరిగినదనబడు కాలమునకు సుమారు 700 సంవత్సరముల తరువాతివాడు. కాబట్టి దీనిని ఉన్నదున్నట్లు చరిత్ర యని నమ్మవలసిన పనిలేదు. పాలటైన్ కొండమీద క్రీస్తు పూర్వము 8వ శతాబ్దము నాటి గుడిసెల గుంజలు పాతిన గుంటలను త్రవ్వకములలో కనుగొనిరి. అచ్చట ఆ కాలమున పసులకాపరుల పల్లె ఉండినదనుట నిజము. కవలల మాట నిజమో కాదో ఎవరును చెప్పజాలరు. అయినను ఆలోచింపదగిన సంగతి యొకటి కలదు. తమ నగరమునకు మూలపురుషుడు తమ్ముని చంపినవాడని రోమనులు తామే చెప్పుకొనిరి, దాచలేదు. తరువాతి కాలమున రోమనులు తమలో తాము కత్తులు దూసికొని, సీజరును క్రీస్తు పూర్వము 44లో సభామధ్యమున పొడిచి, దేశమంతయు అంతర్యుద్ధములతో తల్లడిల్లినప్పుడు, హోరేస్ అను కవి దీనికంతకును మూలము నాటి రీమస్ నెత్తురే యని వ్రాసెను. పునాదిలో పడిన నెత్తురు గోడ ఎంత ఎత్తు పెరిగినను ఆరదని వారికి తెలిసినది.

ఇట్టి పుట్టుక కథలు దూరదేశములలోనే కాదు, కొరాపుట్ కొండలలోను ఉన్నవి. నందపురము పూర్వము ఆ ప్రాంతమునకు రాజధాని. ముప్పది రెండు మెట్ల సింహాసనపు చోటును ఈనాటికిని అచ్చట చూపుదురు. జయపుర రాజవంశమునకు మూలపురుషుడైన వినాయక దేవుడు 15వ శతాబ్దమువాడు. అతడు స్వదేశమును విడిచి కాశికి పోయి విశ్వేశ్వరుని కొలువగా, మగ సంతానము లేని నందపురపు రాజు వద్దకు పొమ్మని స్వామి కలలో చెప్పినాడని ఐతిహ్యము. అతడు వచ్చి ఆ రాజు కుమార్తెను పెండ్లాడి రాజ్యమును పొందెను. ప్రజలలో కొందరు ఎదురు తిరిగినప్పుడు ఒక బిడారు వర్తకుల నాయకుడు ఎద్దులను, మనుషులను ఇచ్చి అతనిని ఆదుకొనెనని కూడ చెప్పుదురు. రోమనుల పూర్వికుడని చెప్పబడు ఈనియస్ కూడ పరదేశమునుండి వచ్చి లాటినస్ రాజు కుమార్తె లవీనియాను పెండ్లాడినవాడే. కొత్తవాడు పాతవారితో చుట్టరికము కలుపుకొని నిలదొక్కుకొనుట అన్ని దేశముల కథలలోను కలదు. మార్వాడు నుండియో, గుజరాతు నుండియో వచ్చి తెలుగు, ఒడియా మాటల నడుమ స్థిరపడిన కుటుంబములకు ఈ సంగతి ఎవరును విప్పి చెప్పనక్కరలేదు.

ఆ నందపురమునకు సమీపముననే సుబాయి గ్రామమున జైన దేవాలయముల గుంపు కలదు. అందు తీర్థంకరుల శిలావిగ్రహములు ఉన్నవి. భుజములపై జారిన జడలును, పీఠము మీది వృషభమును చూచి ఋషభనాథుని గుర్తింపవచ్చును. రెండవ కథ ఆ ఋషభనాథుని ఇంటిదే.

ఋషభదేవుడు రాజ్యమును నూరుగురు కుమారులకు పంచి ఇచ్చి దీక్ష వహించెను. పెద్దవాడైన భరతునకు అయోధ్య, బాహుబలికి పోదనపురము వచ్చినవి. ఈ పోదనపురమే నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని పలువురు పండితుల అభిప్రాయము. శ్వేతాంబర సంప్రదాయములో బాహుబలి నగరము తక్షశిల. భరతుడు దిగ్విజయము చేసి మరలి వచ్చుచుండగా అతని చక్రము నగర ద్వారము దగ్గర ఆగిపోయినది. లోకమంతయు గెలిచినవాని చక్రము తన ఇంటి గుమ్మము దాటలేదు! ఏమి లోపమని విచారింపగా, తమ్ములు ఇంకను లొంగలేదని తేలినది. భరతుడు కబురు పంపెను. తొంబది ఎనమండుగురు తమ్ములు తండ్రి వద్దకు పోయి, రాజ్యమును విడిచి, దీక్ష తీసికొనిరి. బాహుబలి మాత్రము, తండ్రి ఇచ్చినది అన్న అడిగినంత మాత్రాన ఏల విడువవలెనని నిలిచెను.

సేనలు ఎదురెదురుగా నిలిచినవి. ఇద్దరి తగవునకు వేలమంది ఏల చావవలెనని పెద్దలు అడ్డుపడిరి. అన్నదమ్ములు ఇద్దరే పోరుటకు ఒప్పుకొనిరి. దిగంబర సంప్రదాయములో దృష్టి యుద్ధము, జల యుద్ధము, మల్ల యుద్ధము అని మూడు పందెములు. మూటిలోను బాహుబలిదే గెలుపు. అన్నను రెండు చేతులతో ఎత్తినవాడు నేలకు విసరలేదు, మెల్లగా దింపెను. అవమానముతో భరతుడు చక్రమును ప్రయోగించెను. అది బాహుబలిని చుట్టి ఏమియు చేయక ఆగిపోయెను. శ్వేతాంబర కథలో బాహుబలి అన్నను కొట్టుటకు పిడికిలి ఎత్తెను. ఎత్తిన క్షణముననే, రాజ్యము కొరకు అన్నను చంపుదునా యని అతనికి తోచెను. కాని ఎత్తిన పిడికిలి వృథాగా దిగలేదు. దానితోనే తన తల వెంట్రుకలను పెరికివేసి అక్కడనే మునియై నిలిచెను.

రెండు కథలకును మొదలు ఒకటే. తండ్రి తాతల సొత్తు, సమాన బలముగల అన్నదమ్ములు, నడుమ ఒక గీత. రెండు చోట్లను చేయి పైకి లేచినది. రోములో అది తమ్ముని మీద పడినది. ఇచ్చట తన తలమీదనే పడినది. అక్కడ ఒక నగరము పుట్టినది. ఇక్కడ ఒక కేవలి పుట్టినాడు.

ఇచ్చట లోకానుభవము గలవాడొకడు ఆక్షేపింపవచ్చును. "రోమ్యులస్ గోడ కట్టినాడు గనుక రోము నిలిచినది. అందరును బాహుబలులైనచో దుకాణము తలుపు తీయువాడెవడు? లెక్కలు వ్రాయువాడెవడు? మెత్తనివానిని చూచిన మొత్తబుద్ధి యన్నట్లు, వదలుకొనువానిని లోకము ఇంకను దోచుకొనును గదా?" ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. దీనికి కథలోనే మూడు సమాధానములు ఉన్నవి.

మొదటిది: బాహుబలి ఓడి వదలలేదు, గెలిచి వదలెను. చేతగానివాడు ఊరకుండుట క్షమ అనిపించుకొనదు. చేయగలిగి ఆగుటయే క్షమ. భయపడి సంతకము పెట్టినవాని మనసులో పగ మిగులును. అది కొడుకుల కాలమున బయటపడును. రెండవది: బాహుబలి అన్యాయమైన కోరికకు తల వంచలేదు. అన్న కబురు పంపగానే లొంగలేదు. తన హక్కును చెప్పెను, దానికై నిలిచెను. హక్కు నిలుపుకొనుట పాపమని కథ చెప్పుట లేదు. ఆ హక్కు వెల అన్న ప్రాణమంత అయినప్పుడు, వ్యాపారి భాషలో చెప్పవలెనన్న, సరకుకంటె ఖర్చు ఎక్కువైనప్పుడు, బేరము వదలుకొమ్మని చెప్పుచున్నది. మూడవది: భరతుడు రాజ్యము చేసెను. ప్రజలకు పాలకుడు లేకుండ పోలేదు. ఒకడు ఆగిన యెడల ఇద్దరును మిగిలిరి. రోములో ఒకడే మిగిలెను.

అయితే కథ అక్కడ ఆగలేదు. ఇందులోని లోతు తరువాతి భాగమున ఉన్నది. బాహుబలి సంవత్సరము పాటు కదలక నిలిచెను. తీగలు కాళ్ళను, చేతులను అల్లుకొన్నవి. 981లో చావుండరాయడు శ్రవణబెళగొళలో ఎత్తించిన మహావిగ్రహము ఆ నిలుకడకే రూపము. అంత తపస్సు చేసినను కేవలజ్ఞానము కలుగలేదు. ఏలయన, మనసులో ఒక ముల్లు మిగిలియున్నది. తాను నిలిచిన నేల అన్నది గదా యను తలపు అని దిగంబరులు చెప్పుదురు. ముందుగా దీక్ష తీసికొన్న చిన్న తమ్ములకు తాను మ్రొక్కవలసి వచ్చునను అభిమానము అని శ్వేతాంబరులు చెప్పుదురు. భరతుడు వచ్చి నమస్కరింపగా ఆ ముల్లు ఊడినదని ఒక కథ. సోదరీమణులైన బ్రాహ్మీ సుందరులు వచ్చి ఏనుగుపై నుండి దిగుమని చెప్పగా, ఏ ఏనుగని ఆలోచించి, అహంకారమే ఆ ఏనుగని గ్రహించెనని మరియొక కథ.

వదలుకొనుట ఒక మెట్టు. వదలుకొన్నానను మాటను కూడ వదలుకొనుట రెండవ మెట్టు. అన్నకు వాటా ఇచ్చివేసి, ఆ సంగతిని ఇరువది ఏండ్లు ప్రతి పెండ్లి పందిటిలోను చెప్పుకొనువాడు ఇంకను ఏనుగు దిగలేదు. పుచ్చుకొన్నవాడు వచ్చి నమస్కరింపనిచో, ఇచ్చినవాని ముల్లు ఊడుట కష్టమనునది కూడ ఈ కథలో ఉన్నది. బాధ్యత ఇద్దరిది.

ఇంటి ఆడువారి మాట ఎంత విలువగలదో రోము కథయు చెప్పుచున్నది. రోమ్యులస్ పారిపోయి వచ్చిన వారినెల్ల చేర్చుకొని ఊరు నింపెను, కాని ఊరిలో స్త్రీలు లేరు. ఒక పండుగ నెపముతో పొరుగువారైన సాబైనులను పిలిచి, వారి కన్యలను బలాత్కారముగా పట్టుకొనిరి. తండ్రులు సేనలతో రాగా, ఆ స్త్రీలే రెండు సేనల నడుమకు పరుగెత్తి వచ్చి, ఎవరు చచ్చినను నష్టము తమదేనని ఏడ్చి సంధి చేయించిరి. అదే రోములో, ఆరవ రాజైన సర్వియస్ టుల్లియస్ కుమార్తె టుల్లియా, మగని రాజ్యకాంక్షకు తోడుపడి, వీధిలో పడియున్న తండ్రి శవము మీదుగా బండి తోలించెను. ఆ మగడే చివరి రాజు. క్రీస్తు పూర్వము 509లో ప్రజలు వానిని వెళ్ళగొట్టిరి. బ్రాహ్మీ సుందరులవలె ఏనుగును దింపు మాట ఒకటి, టుల్లియావలె బండిని తోలించు మాట ఒకటి. ప్రతి ఇంటిలోను రాత్రి భోజనముల తరువాత ఈ రెంటిలో ఏదో ఒక మాట పలుకబడుచునే ఉన్నది.

రోమనులను కేవలము కత్తివారని తలంచుట కూడ న్యాయము కాదు. రోమ్యులస్ తరువాత రాజైన న్యూమా పాంపీలియస్ కథ జైనులకు ఆప్యాయముగా తోచును. అతడు రాజ్యము వద్దనెను. తండ్రియు, ఒక బంధువును నచ్చజెప్పగా ఒప్పుకొనెను. రాగానే రోమ్యులస్ ఉంచిన మూడు వందలమంది అంగరక్షకులను పంపివేసెను. జానస్ దేవుని గుడి తలుపులు యుద్ధకాలమున తెరచియుండుటయు, శాంతికాలమున మూయుటయు వారి ఆచారము. న్యూమా ఏలిన 43 ఏండ్లును ఆ తలుపులు మూసియే ఉండినవని వ్రాసిరి. ఆ తరువాత అవి మరల మూయబడినది క్రీస్తు పూర్వము 235లో. సాబైనులమని కొందరు, రోమనులమని కొందరు విడిపోయి కలహించుచుండగా, స్వర్ణకారులు, వడ్రంగులు, రంగులద్దువారు, కుమ్మరులు అని వృత్తులవారీగా సంఘములు ఏర్పరచి ఆ భేదమును మరపించెను. పుట్టుక విడదీసిన వారిని పని కలిపినది.

అన్నిటికంటె ముఖ్యమైనది, న్యూమా ఇద్దరు దేవతలకు గుడులు కట్టించెను. ఒకరు ఫీడెస్, అనగా మాట నిలుపుకొను నమ్మకము. రెండవవాడు టెర్మినస్, అనగా గట్టురాయి. పొలముల హద్దు రాతికి పొరుగువారు ఇద్దరును చెరియొక వైపు నుండి వచ్చి పూలదండలు వేయు పండుగ ఫిబ్రవరి 23న జరిగెడిది. హద్దు దేవుడు శాంతికి కాపరి, న్యాయమునకు సాక్షి గనుక అతనికి నెత్తురు బలి కూడదని న్యూమా నియమించినట్లు ప్లూటార్కు అను గ్రీకు రచయిత వ్రాసెను. అతడే మరియొక మాట వ్రాసెను. రోమ్యులస్ తన దేశమునకు హద్దురాళ్ళు వేయించలేదట. తనది కొలిచినచో పరులది ఎంత తీసికొన్నాడో బయటపడునని అతని సంకోచమట. హద్దు వేయుటకు భయపడువాడు ఎవడో ఈ ఒక్క మాటలో తెలియును.

కళింగ దేశమునందు జైన రాజైన ఖారవేలుని శాసనము భువనేశ్వరము దగ్గర ఉదయగిరిపై హాథీగుంఫాలో కలదు. క్రీస్తు పూర్వము రెండవ లేక ఒకటవ శతాబ్దము నాటిది. పట్టాభిషేకమైన మొదటి సంవత్సరమున అతడు చేసిన పని, తుపానుకు కూలిన నగర ద్వారములను, గోడలను బాగుచేయించుట. ఇదియు గోడ పనియే, కాని ఎవరిని చంపుటకు కట్టినది కాదు. నందరాజు పూర్వము ఎత్తుకొనిపోయిన కళింగ జినుని మగధ నుండి తిరిగి తెచ్చెనని కూడ అందులో చెప్పబడినది. అయినను సత్యము దాచరాదు. అదే శాసనములో, ఆంధ్ర తీరమునందలిదని తలపబడు పిథుండమును గాడిదల నాగలితో దున్నించినట్లును ఉన్నది. రోమ్యులస్ నాగలి నగరమును పుట్టించినది, ఈ నాగలి నగరమును నేలమట్టము చేసినది. జైనుడని పేరు ఉన్నంత మాత్రాన చేయి ఆగదు. ఆగుట ఎవరికి వారు ప్రతిసారి నేర్చుకొనవలసినదే.

ఇప్పుడు రాయగడలోనో, జయపురములోనో ఒక బజారును ఊహింపవచ్చును. తండ్రి చింతపండు, పసుపు, వలిసెలు కొని అమ్మి నిలబెట్టిన దుకాణము. ఆయన పోయిన తరువాత ఇద్దరు కొడుకులు. ఒకడు ముందునుండి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడు, రెండవవాడు సంతలు తిరిగి ఎక్కువ బేరము తెచ్చినవాడు. ముందు ఆరు పక్షులు, తరువాత పన్నెండు పక్షులు! ఎవరిది పెద్ద వాటా? ఇద్దరి మాటయు కొంత నిజమే. గిడ్డంగి నడుమ గోడ లేచును. ఆ గోడ ఒక మూర ఇటా అటా అని ప్లీడర్ల వద్దకు పోవుదురు. మూర స్థలము వెల ఎంత? ఫీజులెంత? సంవత్సరీ పర్వమున ఊరందరికి మిచ్ఛామి దుక్కడం చెప్పి, గోడకు ఆవలనున్న తోబుట్టువుకు మాత్రము చెప్పక తిరిగి వచ్చినచో, ఆ క్షమాపణ ఎవరి ఖాతాలో వ్రాయవలెను?

గోడ తప్పు కాదు. పంపకమును తప్పు కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిషా వేరు రాష్ట్రమైనప్పుడు విశాఖపట్టణము జిల్లా నుండి కొరాపుట్ విడిపోయినది. 1992లో కొరాపుట్ నుండి రాయగడ వేరు జిల్లాయైనది. అయినను పార్వతీపురము, బొబ్బిలి, సాలూరులతో రాకపోకలు ఆగలేదు, వియ్యములు ఆగలేదు. గీత పడినను మనసు తెగనక్కరలేదనుటకు ఇది కంటి ఎదుటి సాక్ష్యము. మరియొక ప్రక్క, పొట్టంగి దగ్గరి కొటియా గ్రామముల హద్దు తేలక రెండు రాష్ట్రముల తగవు 1968లో సుప్రీముకోర్టుకు ఎక్కినది. హద్దును సకాలమున, ఇద్దరి ఎదుట, నమ్మకముతో కొలవకపోయిన ఏమగునో ఇది చూపును.

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానము ఇట్లు చెప్పవచ్చును. హక్కును చెప్పుకొనవలెను. కొలతను నెత్తురు లేకుండ, దాపరికము లేకుండ, న్యూమావలె వేయించుకొనవలెను. అప్పటికిని తగవు తెగనిచో, ఎత్తిన చేయి ఎవరి మీద పడబోవుచున్నదో ఒక్కసారి తల ఎత్తి చూడవలెను. అది తోబుట్టువు ముఖమైనచో అక్కడ ఆగవలెను. ఆగిన తరువాత ఆ మాట మరచిపోవలెను. పుచ్చుకొన్నవాడు నమస్కరించుటకు సిగ్గుపడరాదు.

రోము సామ్రాజ్యము వైభవమున ఉన్నప్పుడు దాని వెండి నాణెములు సరకుల వెలగా తెలుగు నేలకు వచ్చినవి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో అవి కుప్పగా దొరకినవి. అంత ధనముగల సామ్రాజ్యము అంతరించినది, ఆ నాణెములు నేడు ఏ దుకాణములోను చెల్లవు. శ్రవణబెళగొళ కొండమీద మాత్రము అన్నను కొట్టక ఆగిన తమ్ముడు వేయి సంవత్సరములుగా నిలిచియున్నాడు. అతని చుట్టును గోడ కట్టినను, కట్టకున్నను, అతనిని కదల్చువారు లేరు.